చేతిపనుల తిరునాళ్లు: మేకర్ ఫెయిర్ గుణదోష పరిశీలన

ప్రదర్శనశాలలో వస్తువు ఉంటుంది. దానిని చేసినవాడు ఉండడు. సంతలో ఇద్దరూ ఉంటారు గాని, అక్కడి మాటలన్నీ ధర చుట్టూనే తిరుగుతాయి. పాఠశాలలో పద్ధతి చెబుతారు. వస్తువు మాత్రం చాలసార్లు పుస్తకంలోని బొమ్మగానే మిగిలిపోతుంది. వస్తువును, దానిని చేసిన మనిషిని, చేసిన పద్ధతిని ఒకేచోట సామాన్యుని ముందు నిలబెట్టిన సందర్భాలు అరుదు. అటువంటి ప్రయత్నాలలో ఇటీవలి కాలంలో ఎక్కువ పేరు పొందినది అమెరికాలో పుట్టిన 'మేకర్ ఫెయిర్'. చేసేవారి తిరునాళ్లు అని ఈ పేరుకు అర్థం చెప్పుకోవచ్చు.

2006 ఏప్రిల్ 22, 23 తేదీలలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్ మటేయో పట్టణంలో మొదటి మేళా జరిగింది. అంతకు ముందటి సంవత్సరమే 'మేక్' అనే పత్రికను ప్రారంభించిన డేల్ డోహర్టీ దీనికి మూలపురుషుడు. ఇంటి షెడ్డులో మరమనిషిని తయారుచేసుకున్న ఇంజనీరు, పాత సైకిళ్లతో వింత వాహనాలు కట్టినవాడు, రేడియోలంటే మోజుపడే పెన్షనరు, చిరిగిన బట్టలతో కొత్త దుస్తులు కుట్టే గృహిణి, బడిపిల్లలు, అందరూ తమ బల్లలు వేసుకుని కూర్చున్నారు. చూడవచ్చినవారు ఇరవై వేలకు మించారు. కొద్ది సంవత్సరాలలోనే ఆ సంఖ్య లక్ష దాటింది. 2010లో డెట్రాయిట్‌కూ, న్యూయార్కుకూ, 2013లో రోమ్ నగరానికీ ఈ మేళా వ్యాపించింది. 2014 జూన్ 18న అమెరికా అధ్యక్షుని నివాసమైన శ్వేతభవనంలోనే ఒక మేళా జరిగింది. ఆ తరువాత అయిదేళ్లకు, 2019 జూన్‌లో, దీనిని నడిపే సంస్థ డబ్బు చాలక మూతపడింది.

ఇంత త్వరగా పెరిగి, అంత త్వరగా కూలిన సంస్థను గురించి పొగడ్తలూ చాలా వచ్చాయి, నిందలూ చాలా వచ్చాయి. రెండింటినీ పక్కకు పెట్టి, ఈ మేళా ఏ పనికోసం పుట్టింది, ఆ పని ఎంతవరకు చేసింది అని తూచి చూడడం అవసరం. ఇందుకు కొలబద్ద ఒక్కటే. మేళాకు వచ్చినవాడు "ఇది ఎట్లా చేశారు?" అని అడిగితే, అతనికి పూర్తి సమాధానం దొరికిందా? ఆ సమాధానం పట్టుకుని ఇంటికి వెళ్లి అతను ఏమైనా చేయగలిగాడా?

వెనుకటి కథ

ఈ ప్రశ్నకు ఆ ప్రాంతంలో పాత చరిత్ర ఉన్నది. శాన్ మటేయోకు కొద్ది మైళ్ల దూరంలోని మెన్లో పార్కులో, 1975 మార్చి 5న, గోర్డన్ ఫ్రెంచ్ అనే ఆయన ఇంటి కారు షెడ్డులో కొందరు ఔత్సాహికులు సమావేశమయ్యారు. విడిభాగాలుగా కొని, ఇంట్లో అమర్చుకునే 'ఆల్టెయిర్ 8800' అనే చిన్న కంప్యూటరు అప్పుడే విడుదలయింది. దానిని చూడడానికి చేరిన ఈ గుంపే తరువాత 'హోంబ్రూ కంప్యూటర్ క్లబ్బు'గా ప్రసిద్ధి చెందింది. స్టీవ్ వాజ్నియాక్ తాను రూపొందించిన కంప్యూటరు పటాలను ఈ క్లబ్బులో అడిగినవారికి ఉచితంగా పంచిపెట్టాడు. ఆ యంత్రమే ఆపిల్ కంపెనీ మొదటి సరుకు అయింది.

ఇక్కడే రెండవ పక్షమూ తలెత్తింది. 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ ఔత్సాహికులను ఉద్దేశించి ఒక బహిరంగ లేఖ రాశాడు. తాము కష్టపడి రాసిన ప్రోగ్రామును డబ్బు చెల్లించకుండా నకళ్లు తీసుకుంటే, ఇక మంచి ప్రోగ్రాములు ఎవరు రాస్తారని ఆయన ఫిర్యాదు. మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన కంప్యూటర్ మేళాలో ఆపిల్ రెండవ యంత్రం జనం ముందుకు వచ్చింది. రెండేళ్ల క్రితం షెడ్డులో పటాలు పంచుకున్న మనుషులే ఇప్పుడు అంగళ్లు పెట్టి సరుకు అమ్మసాగారు.

పంచుకోవడం, అమ్ముకోవడం అనే ఈ రెండు ధోరణులు ఒకే పందిరి కింద పెరిగినవి. మేకర్ ఫెయిర్‌లోని మంచిచెడ్డలు రెండూ ఈ జంట పుట్టుకలోనే ఉన్నాయి. దీనిని కేవలం కంపెనీల ఎత్తుగడ అనడం ఎంత పొరపాటో, కేవలం విద్యాదానం అనడమూ అంతే పొరపాటు.

టంకం బల్ల

మేళాలోని అంగళ్లన్నిటిలో అతి తక్కువ ఆర్భాటం ఉన్నదీ, అతి ఎక్కువ విలువ ఉన్నదీ టంకం నేర్పే బల్ల. పిల్లలూ పెద్దలూ వరుసగా కూర్చుంటారు. ఒక్కొక్కరి ముందు బొత్తాం వంటి చిన్న పలక, ఒకటి రెండు చిన్న దీపాలు, గడియారంలో వేసే బిళ్ల బ్యాటరీ ఉంటాయి. నేర్పేవాడు కాలిన కడ్డీని ఎట్లా పట్టుకోవాలో చూపుతాడు.

ఆ పావుగంటలో నేర్చుకునేది కొంచెం కాదు. కడ్డీతో టంకాన్ని కరిగించి చుక్కలు వేస్తే అతుకు నిలవదు. ముందు అతకవలసిన తీగనూ, రాగి చుట్టునూ వేడిచేసి, ఆ వేడికి టంకం తనంతట కరిగి పారేటట్లు చూడాలి. తగరమూ సీసమూ కలిసిన పాతరకం టంకం సుమారు 183 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగనారంభిస్తుంది. సీసం లేనివాటిలో ఎక్కువగా వాడే రకానికి 217 డిగ్రీలు దాటాలి. వేడి చాలకపోతే అతుకు బూడిదరంగులో మొద్దుగా ఉంటుంది. చూపుకు అతికినట్లే ఉంటుంది గాని, విద్యుత్తు సరిగా పారదు. దీపానికి ఒక కాలు పొడవు, ఒక కాలు పొట్టి. పొడుగు కాలు ధనధ్రువం వైపు ఉండాలి. తిరగవేస్తే వెలగదు, ఎందుకంటే ఆ దీపం విద్యుత్తును ఒక దిక్కుకే పోనిస్తుంది.

పది దీపాలలో రెండు మొదటిసారి వెలగకపోవడం ఈ బల్ల దగ్గర తప్పు కాదు, పాఠంలో భాగం. పక్కనున్నవాడు అతుకును చూసి, ఎక్కడ వేడి చాలలేదో వేలితో చూపుతాడు. రెండవసారి వెలుగుతుంది. పిల్లవాడు దానిని చొక్కాకు తగిలించుకుని వెళ్లిపోతాడు. పాఠ్యపుస్తకంలోని 'విద్యుద్వలయం' అన్న మాట అతనికి ఇక కాగితంమీది గీత కాదు. మేకర్ ఫెయిర్ చేయగల ఉత్తమమైన పని ఇదే. దీనికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. కావలసినది ఓపిక ఉన్న మనిషి, నాలుగు కడ్డీలు, మంచి గాలి ఆడే చోటు, అంతే.

మెరుపులూ, ఫౌంటెన్లూ

జనం ఎక్కువగా గుమిగూడేది మాత్రం ఈ బల్ల దగ్గర కాదు. ఆర్క్ అటాక్ అనే బృందం పాటలు పాడే టెస్లా చుట్టలను తెచ్చి నిలబెడితే, వేలమంది నోళ్లు తెరుచుకుని చూస్తారు. మనిషిని మించిన ఎత్తున నిలిచిన చుట్టలనుంచి ఊదారంగు మెరుపులు గజాలకొద్దీ దూకుతాయి. ఆ మెరుపులలోనుంచే సంగీతం వస్తుంది. ఇందులోని కీలకం సులభమైనదే. మెరుపు పుట్టినప్పుడల్లా దాని దారిలోని గాలి ఒక్కసారిగా వేడెక్కి వ్యాకోచిస్తుంది. ఆ తాకిడే చప్పుడు. సెకనుకు 440 సార్లు మెరిస్తే చెవికి ఒక స్వరం వినబడుతుంది. ఆ సంఖ్యను రెట్టింపు చేస్తే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. మెరుపుల మధ్య నిలబడి వాయించేవాడు లోహపు జల్లెడతో చేసిన దుస్తులు ధరిస్తాడు. విద్యుత్తు ఆ లోహం మీదుగానే పోతుంది గాని లోపలి మనిషిని తాకదు. ఫారడే 1836లో లోహపు గది కట్టి నిరూపించిన సూత్రమే ఇది.

ఈ నాలుగు వాక్యాలు చెప్పడానికి ఒక నిమిషం పట్టదు. కాని హోరులో వాటిని చెప్పేవారూ, వినేవారూ తక్కువ. జనం చప్పట్లు కొట్టి ముందుకు కదులుతారు. వారికి కలిగినది ఆశ్చర్యమే గాని జ్ఞానం కాదు. గారడీవాని ముందు నిలబడినవానికీ వీరికీ భేదం తక్కువ.

అంతమాత్రాన తమాషాలన్నీ నిరర్థకమని కొట్టివేయడం న్యాయం కాదు. ఈపీబర్డ్ బృందంవారు డైట్ కోక్ సీసాలలో మెంటోస్ బిళ్లలు పడవేసి ఫౌంటెన్లు ఎగజిమ్మడం ఈ మేళాలో జనాన్ని ఆకర్షించిన మరొక వినోదం. చూసినవారు చాలామంది ఇది రసాయనిక చర్య అనుకున్నారు. 2008లో అమెరికాలోని అప్పలాచియన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో టోన్యా కాఫీ తన విద్యార్థులతో కలిసి దీనిని పరీక్షించి, భౌతికశాస్త్ర పత్రికలో ఫలితాలు ప్రకటించింది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే బిళ్ల ఉపరితలం నునుపుగా లేదు; గరుకుగా, సన్నని గుంటలతో ఉంది. పానీయంలో కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువు బుడగ కట్టడానికి ఒక ఆధారం కావాలి. ఈ గుంటలే ఆ ఆధారం. బిళ్ల బరువైనది గనుక త్వరగా అడుగుకు చేరుతుంది. అక్కడ పుట్టిన బుడగలు పైకి వస్తూ మరిన్ని బుడగలను పుట్టిస్తాయి. పానీయంలోని తీపి పదార్థమూ, నిలవ ఉంచే పదార్థమూ బుడగ కట్టడాన్ని సులువు చేస్తాయి.

రెండూ తమాషాలే అయినా వాటి మధ్య గమనించదగిన తేడా ఉన్నది. సీసా, బిళ్ల ఎవరికైనా దొరుకుతాయి. చూసినవాడు ఇంటి పెరట్లో తానే చేసి చూడవచ్చు. చల్లని పానీయంలో ఎట్లా, వెచ్చనిదానిలో ఎట్లా అని మార్చి చూడవచ్చు. టెస్లా చుట్టను అట్లా చేయబోతే ప్రాణానికే ముప్పు. కనుక ప్రేక్షకుడు ప్రేక్షకుడుగానే మిగిలిపోతాడు. చూసినవాని చేతికి ఒక ప్రశ్ననూ, దానిని పరీక్షించే సాధనాన్నీ ఇచ్చిన తమాషా పాఠంతో సమానం. మేళా పెద్దదైనకొద్దీ మొదటిరకం తగ్గి, రెండవరకం వేదికనెక్కింది. ఇది నిర్వాహకులపై మోపదగిన మొదటి లోపం.

పంచుకున్న విద్య ఎవరి సొత్తు?

రెండవ లోపం ఇంకా లోతైనది. దీనిని అర్థం చేసుకోవడానికి త్రీడీ ప్రింటరు కథ చాలు.

సన్నని ప్లాస్టిక్ తీగను కరిగించి, పొరమీద పొరగా పరిచి వస్తువును కట్టే పద్ధతికి స్కాట్ క్రంప్ 1989లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ఆయన స్థాపించిన స్ట్రాటసిస్ కంపెనీ యంత్రాలు సామాన్యునికి అందని ధర పలికేవి. 2005లో ఇంగ్లాండులోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ 'రెప్‌రాప్' అనే ఉద్యమం ప్రారంభించాడు. తన భాగాలలో చాలావాటిని తానే ముద్రించుకోగల యంత్రాన్ని చేసి, పటాలన్నీ లోకానికి ఉచితంగా ఇవ్వడం దాని ఆశయం. 2008లో ఒక యంత్రం ముద్రించిన భాగాలతో రెండవ యంత్రం తయారయింది. ఎందరో దేశదేశాలలో ఆ పటాలను తీసుకుని, మెరుగుపరిచి, తిరిగి పంచారు. 2009లో క్రంప్ పేటెంటు గడువు తీరింది.

ఆ సంవత్సరమే న్యూయార్కులో ముగ్గురు మిత్రులు 'మేకర్‌బాట్' అనే కంపెనీ పెట్టారు. వారిలో ఒకడైన బ్రి పెటిస్ అంతకు ముందు 'మేక్' పత్రిక కోసం వారాంతపు ప్రయోగాలు చేసి చూపినవాడే. వారి యంత్రాలు రెప్‌రాప్ పటాల నుంచి పుట్టినవి. తమ పటాలనూ వారు బాహాటంగానే ప్రకటించారు. మేళాలలో వారి బల్ల ముందు జనం కిటకిటలాడారు. కొన్నవారే లోపాలు కనిపెట్టి, సవరణలు చేసి పంపేవారు. కాని 2012లో వచ్చిన కొత్త నమూనాతో కంపెనీ తలుపులు మూసింది. ఆ యంత్రపు పటాలను బయటపెట్టలేదు. ముగ్గురు స్థాపకులలో ఒకడూ, అప్పటికే కంపెనీ విడిచినవాడూ అయిన జాక్ స్మిత్ ఈ చర్యను బహిరంగంగా ఖండించాడు. 2013లో ఆ కంపెనీని నలభై కోట్ల డాలర్లకు పైగా విలువకు కొన్నది ఎవరో కాదు, అదే స్ట్రాటసిస్.

కంపెనీ వాదం లేకపోలేదు. పటాలు బయటపెడితే ఇతరులు చౌకగా నకళ్లు చేసి అమ్ముతారు, ఉద్యోగుల జీతాలు ఎట్లా ఇవ్వాలి అని వారు అడిగారు. 1976 నాటి లేఖలోని ప్రశ్నే ఇది. ప్రశ్న న్యాయమైనదే. కాని దానికి ముందు మరొక ప్రశ్న ఉన్నది. వందలమంది ఉచితంగా ఇచ్చిన మెరుగుల మీద నిలబడినవారు, ఆ ఇచ్చినవారికి ఏమి బాకీ పడి ఉన్నారు? మేళా ఈ ప్రశ్నను ఎన్నడూ తన బల్లమీదికి తీసుకోలేదు. పంచుకోండి అని అందరికీ చెప్పింది గాని, పంచుకున్నదానికి కట్టుబాటు ఏమిటో చెప్పలేదు. ఊరుమ్మడి చెరువుకు పూడిక తీసేది అందరూ, గట్టుకు కంచె వేసుకునేది ఒక్కడు అయితే, మరుసటి ఏడు పార పట్టుకుని వచ్చేదెవరు?

ఖర్చు పెట్టేదెవరు?

డబ్బు విషయంలోనూ ఈ తడబాటే కనబడుతుంది. 2012లో అమెరికా రక్షణశాఖ పరిశోధనా సంస్థ 'డార్పా' సహాయంతో ఉన్నత పాఠశాలలలో పనిముట్ల శాలలు పెట్టే పథకం వచ్చింది. మేళా నిర్వాహకులు అందులో భాగస్వాములు. మొదటినుంచీ మేళాలలో వేలమందికి టంకం నేర్పిన మిచ్ ఆల్ట్‌మన్, సైనికశాఖ సొమ్ముతో నడిచే పనికి తాను తోడ్పడలేనని ప్రకటించి ఆ యేడు మేళానుంచి తప్పుకున్నాడు. పిల్లలకు పనిముట్లు ఎవరు కొనిచ్చినా మేలేనని మరికొందరు వాదించారు. ఏ పక్షం సరైనదన్నా, మేళాకు ప్రాణంగా ఉన్న గురువు బయటికి పోవలసిరావడం నష్టమే.

2019 నాటి మూసివేతకు కారణం ఇంత నాటకీయమైనది కాదు. పెద్ద మైదానం అద్దె, విద్యుత్తు, భీమా, కాపలా, వీటి ఖర్చు పెరుగుతూ పోయింది. ఆ ఖర్చును భరించే పెద్ద కంపెనీలు ఒక్కొక్కటే వెనుకకు తగ్గాయి. ఇరవై ఇద్దరు ఉద్యోగులను ఒక్కసారిగా తీసివేశారు. ఒకరిద్దరు దాతల మీద నిలిచిన సత్రం దాతతోనే మూతపడుతుంది.

ఇక్కడ గమనించవలసిన సంగతి మరొకటి ఉన్నది. కేంద్రసంస్థ మూతపడినా, పేరు వాడుకోవడానికి అనుమతి పొంది, తమ ఊళ్లలో తామే చందాలు వేసుకుని, బడి ఆవరణలలో, గ్రంథాలయాలలో చిన్న మేళాలు జరుపుకునేవారు చాలాచోట్ల ఆగలేదు. డోహర్టీ సుమారు ఒక నెల తరువాత సంస్థను చిన్న రూపంలో మళ్లీ నిలబెట్టాడు. కాలిఫోర్నియా మేళా 2023 అక్టోబరులో తిరిగి జరిగింది. ఈసారి స్థలం మేర్ ఐలండ్. 1854 నుంచి 1996 వరకు అక్కడ నౌకాదళపు ఓడలు కట్టే కార్మికశాల ఉండేది. కార్మికులు వదలిపోయిన షెడ్లలో ఔత్సాహికులు బల్లలు వేసుకున్నారు.

లెక్కకు రానివారు

మూడవ లోపం మనుషుల ఎంపికలో ఉన్నది. 2013లో లియా బ్యూక్లీ అనే పరిశోధకురాలు 'మేక్' పత్రిక ముఖచిత్రాలను లెక్కపెట్టింది. వాటిమీద కనబడినవారిలో అత్యధికులు పురుషులూ, మగపిల్లలేననీ, నల్లజాతివారు ఒక్కరైనా లేరనీ తేల్చింది. ఆమె మాటకు బలం ఉన్నది. విద్యుత్తు పారే దారంతో బట్టమీద చిన్న కంప్యూటరునూ, దీపాలనూ కుట్టుకునే 'లిలీప్యాడ్' పరికరాన్ని రూపొందించినది ఆమే. సూది, దారం పట్టిన చేయికూడా ఇంజనీరు చేయే కాగలదని ఆ పరికరం రుజువు చేసింది. మేళాలో కుట్టుపని అంగళ్లు లేకపోలేదు. కాని ముఖచిత్రం మీదికి మాత్రం మరమనిషీ, రాకెట్టే ఎక్కాయి.

2015లో డెబీ చచ్రా అనే ఇంజనీరింగు ఆచార్యురాలు ఇంకొక అడుగు ముందుకు వేసింది. వస్తువును చేసినవారికే గౌరవం ఇస్తే, చదువు చెప్పేవారు, రోగులను చూసేవారు, పాతవాటిని కాపాడి నడిపేవారు తక్కువవారైపోతారని ఆమె అభ్యంతరం. ఈ విమర్శ మేళాకు సూటిగా తగులుతుంది. కొత్త యంత్రం చేసినవానికి బల్ల దొరికింది. ఇరవై ఏళ్లనాటి కుట్టుమిషనును నడుస్తూ ఉంచినవానికి అంత సులభంగా దొరకలేదు. నిజానికి ఒక యంత్రం ఎట్లా పనిచేస్తుందో దానిని విప్పి బాగుచేసేవానికి తెలిసినంతగా కొత్తగా అమర్చినవానికి తెలియకపోవచ్చు. ఎందుకంటే, చెడిపోయే తీరులన్నీ చూసినవాడు అతనే. 2009లో ఆమ్‌స్టర్‌డాంలో మార్టిన్ పోస్ట్మా ప్రారంభించిన 'రిపేర్ కెఫే'లలో వస్తువు సొంతదారు మరమ్మతు చేసేవాని పక్కనే కూర్చుని, చేయి కలిపి నేర్చుకుంటాడు. మేకర్ ఫెయిర్ విస్మరించిన సగాన్ని ఈ చిన్న సమావేశాలు పూరించాయి.

తెలుగునాట ఈ మేళా

ఈ విమర్శ దూరదేశపు వ్యవహారం మాత్రమే కాదు. హైదరాబాదులోనూ మేకర్ ఫెయిర్ పేరుతో మేళాలు జరిగాయి. 2023 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం నమూనాల తయారీకి 'టీ-వర్క్స్' అనే పెద్ద కేంద్రాన్ని అక్కడే తెరిచింది. కనుక పైన చెప్పిన గుణదోషాలు ఇక్కడి నిర్వాహకులకూ వర్తిస్తాయి.

ఈ విషయంలో ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం కథ ఆలోచించదగినది. పోచంపల్లి రకం పట్టుచీర నేయడానికి ముందు ఆసు పోయాలి. ఒకవైపు ఒక మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకులు. వాటి మధ్య దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. ఒక్క చీరకు చేయి సుమారు తొమ్మిదివేల సార్లు కదలాలి. ఆ పని చేసీ చేసీ తల్లి లక్ష్మికి భుజం, మోచేయి పట్టివేశాయి. బడిచదువు మధ్యలోనే ఆగిపోయిన మల్లేశం 1992లో ఆ చేతికదలికను యంత్రంతో చేయించాలని పూనుకున్నాడు. ఒక్కొక్క కదలికే సాధిస్తూ వచ్చాడు. చివరిది మాత్రం సంవత్సరాల తరబడి లొంగలేదు. హైదరాబాదు బాలానగరులో ఒక కర్మాగారానికి విద్యుత్తు పనిమీద వెళ్లినప్పుడు, అక్కడి యంత్రం ఒకటి కదిలే తీరు చూసి, తనకు కావలసినది అదేనని గ్రహించాడు. 1999లో యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది.

చివరి చిక్కును విప్పినది ఇంకొకరి యంత్రాన్ని దగ్గరగా చూడగలగడం. అది తటస్థపడిన అవకాశమే గాని, ఎవరూ కల్పించినది కాదు. చేసేవారికి ఒకరి పని ఒకరు చూసే అవకాశాన్ని తరచుగా, తెలిసి కల్పించడమే మేళా చేయవలసిన పని. బాలానగరు పనివాడూ, ఆలేరు నేతగాడూ ఒకరి బల్ల ముందు ఒకరు నిలబడని మేళా, ఎంతమంది టిక్కెట్లు కొన్నా, తన పని చేయనట్లే.

మల్లేశం తన యంత్రానికి 2011లో పేటెంటు పొందాడు. ఇది పంచుకోవడానికి విరుద్ధమని ఆక్షేపించడం తగదు. అడిగినవారికి చెప్పడం వేరు, కష్టపడిన పేదవాని చేతినుంచి బలవంతుడు ఊరికే లాగుకోవడం వేరు. ఈ భేదాన్ని ఆచార్య అనిల్ గుప్తా నెలకొల్పిన 'హనీ బీ నెట్‌వర్కు' చాలాకాలంగా పాటిస్తున్నది. తేనెటీగ పువ్వుకు నష్టం చేయకుండా తేనె సేకరించి, పుప్పొడిని పువ్వునుంచి పువ్వుకు చేరవేస్తుంది. ఆ పేరులోని భావం అదే. విద్య ఎవరినుంచి తీసుకున్నారో వారి పేరు చెప్పాలి. సేకరించినదానిని వారి భాషలోనే వారికి తిరిగి అందించాలి. లాభం వస్తే అందులో వారికి భాగం ఉండాలి. కాలిఫోర్నియా మేళా తేల్చుకోలేకపోయిన కట్టుబాటు ఈ మూడు మాటలలో ఉన్నది.

ఇక ఇక్కడ జరిగే మేళాలకు కావలసినది పెద్ద వేదిక కాదు. ప్రతి బల్లమీద పూర్తయిన వస్తువుతోపాటు విఫలమైన మొదటి నమూనా ఒకటి ఉండాలి. పటం తెలుగులో ఉండాలి. ఎవరి పటంమీద ఆధారపడినదో దానిమీద రాసి ఉండాలి. మరమ్మతుదారులకు, మగ్గం పనివారికి, కుట్టుపనివారికి మరమనిషి పక్కనే చోటు ఇవ్వాలి. ప్రవేశం ఉచితమై, ఖర్చు ఊరివారి చందాలనుంచి రావాలి. మధ్యలో ఒక టంకం బల్ల తప్పక ఉండాలి. సాయంత్రానికి ఎందరు వచ్చారని కాక, ఎందరి చేత దీపం వెలిగిందని లెక్క చూసుకుంటే, మేళా ఏమి సాధించిందో నిర్వాహకులకే తెలుస్తుంది.